కువైట్‌లో ఉన్న మనవాళ్లకు

2025 ఆగస్టులో కువైట్‌లో కల్తీ మద్యం 23 మందిని పొట్టనబెట్టుకుంది. ఆసియా దేశాల నుంచి పనికోసం వెళ్లినవాళ్లే. కొందరికి చూపు పోయింది.

దుబాయ్‌లో, బహ్రెయిన్‌లో మందు షాపులున్నాయి. కువైట్‌లో పూర్తి నిషేధం. అందుకే దొంగచాటుగా తయారైన సరుకే దిక్కు. అందులో మిథనాల్ ఉంటే తాగేవాడికి రుచిలో తేడా తెలియదు. ఒంట్లోకి వెళ్లాక అది ఫార్మిక్ ఆమ్లంగా మారి కంటి నరాన్ని దెబ్బతీస్తుంది. మొదట మామూలు మత్తే. వాంతులు, కడుపునొప్పి, కళ్లు మసకబారడం చాలాసార్లు మర్నాటికి గానీ బయటపడవు. రాత్రి ఎక్కువైందిలే అని పడుకుంటారు. ఆ గంటలే ప్రాణం తీస్తాయి.

రాయచోటి నుంచి, రాజంపేట నుంచి, కోనసీమ నుంచి వెళ్లి, ఇరుకు గదుల్లో ఉంటూ, పిల్లల్ని ఫోన్లోనే చూసుకునే మనిషికి ఒక్క పూట అన్నీ మరిచిపోవాలనిపిస్తే నేను తప్పుపట్టలేను. నా బాధల్లా, పట్టుకుని దేశం నుంచి పంపించేస్తారన్న భయంతో ఆసుపత్రికి వెళ్లకపోవడమే. త్వరగా వెళ్తే విరుగుడు మందుంది, డయాలసిస్ ఉంది.

అన్నా, మీ గదిలో తాగినవాళ్లెవరైనా కళ్లు మసకగా ఉన్నాయంటే తెల్లారేదాకా ఆగొద్దు. వెంటనే 112కు ఫోన్ చేయండి.