తెలుపు రంగు లేని నందివర్ధనం

నీటి రంగుల్లో తెల్లపువ్వు వెయ్యాలంటే పువ్వుని ముట్టుకోకూడదు. చుట్టూ ఉన్న ఆకుల్నీ నీడనీ వేస్తే, మిగిలిన కాగితమే పువ్వు. దీన్ని నెగెటివ్ పెయింటింగ్ అంటారు. గీత గీసి లోపల రంగు నింపే ముగ్గుల చేతికి ఇది మహా కష్టమండీ!

పువ్వుల్ని వదిలేసి మిగతా అంతా పల్చటి లేతాకుపచ్చ పూయాలి. ఆరాక ముందు వరస ఆకులు పెన్సిల్‌తో గీసుకుని, వాటి బయట కాస్త ముదురు రంగు వేసి, ఆ రంగుని తడి కుంచెతో దూరంగా పల్చబరచాలి. మళ్ళీ ఆరాక ఆ ముదురులో వెనక వరస ఆకులు. ఇలా మూడు నాలుగు పొరలు. తడి మీద తొందరపడితే కిందిరంగు లేచి బురదవుతుంది. ఆ ఆరే టైములోనే నాకు పప్పు ఉడుకుతుంది, బట్టలు మడత పడతాయి.

యూట్యూబ్ చూసి ఇదంతా నేర్చుకున్నది అమ్మ ఫోటో కోసం. పెరట్లో నందివర్ధనం పక్కన పూలసజ్జతో నిలబడి ఉంటుంది. ఇప్పుడు ఆ ఇల్లు మాది కాదు. చెట్టూ లేదు, అమ్మా లేదు. ఫోటో ఏమో నలుపు తెలుపు.

అక్కడే అండర్‌పెయింటింగ్ పనికొచ్చింది. అంటే అసలు రంగులకి ముందే ఒకే రంగుతో వెలుగునీడలన్నీ వేసిపెట్టుకోవడం. పూర్వం ఇటలీ చిత్రకారులు ముఖాల కింద ఆకుపచ్చ పూసి, పైన గులాబీ ఛాయలు వేసేవారు. నేను బూడిదరంగు కలిపిన నీలం తీసుకున్నాను. నలుపు తెలుపు ఫోటో అంటే ఈ పని సగం చేసిపెట్టినట్టే. గడ్డం కింద నీడ, మోచేతి మడత, కుచ్చిళ్ళు, అన్నీ చూసి దింపేశాను.

చిక్కల్లా చీర దగ్గరే. పిన్ని ఇటుకరంగంటుంది. అన్నయ్యేమో "చిలకాకుపచ్చే, మొదటి జీతంతో నేను కొన్నది నాకు తెలీదా" అంటాడు. నాకు ఆ కొంగుతో మొహం తుడిపించుకున్న మెత్తదనం గుర్తుంది గానీ రంగు గుర్తులేదు.

చీర ఏ రంగైనా కుచ్చిళ్ళ నీడలు ఒకటే కదా, అక్కడిదాకా వేసి ఆపాను. విడిగా రెండు కాగితం ముక్కల మీద అదే నీలం వేసి, ఆరాక ఒకదానిపై ఇటుకరంగు, ఒకదానిపై చిలకాకుపచ్చ పూశాను. ఇటుకరంగు కాస్త మసకబారింది. ఆకుపచ్చ బావుంది గానీ చెట్టులో కలిసిపోయేలా ఉంది. వచ్చేనెల పిన్ని వస్తానంది. అన్నయ్యనీ అప్పుడే రమ్మన్నాను.