మఱవని యాట

వీడియో ఆటను గూర్చి ఈ పత్రికలో వ్యాసమేమని చదువరులలో కొందఱు నొసలు చిట్లింపవచ్చును. 2021వ సంవత్సరమువఱకు మేమును ఆ కొందఱిలోని వారమే. ఆటలు చదువునకు చెఱుపనియు, కన్నులకు కీడనియు, పనిలేనివారి పనియనియు మా యింటి పిల్లలకు పలుమాఱులు బోధించితిమి; వారు విన్నట్లే తలయూచి, మేము నిద్రించిన తరువాత ఆడుకొనుచుండిరి. అట్టి మేము 67వ యేట, మెదకు పట్టణమున మా యింటి ముందుగదిలో, మనుమరాలి ప్రక్కను కుర్చీ వేసికొని ఒక యాటను రెండు నెలలపాటు విడువక చూచితిమి. చూచుటయే కాదు, తుదకు ఒక ఘట్టమున మా చేతులతోనే ఆడితిమి. ఆ యాట పేరు మాస్ ఎఫెక్ట్.

ఆ యేడు మే నెలలో కరోనా రెండవ విజృంభణమువలన తెలంగాణమున మరల లాక్‌డౌన్ వచ్చినది. హైదరాబాదులో ఇంజనీరింగు చదువుచుండిన మనుమరాలు తన ల్యాప్‌టాపుతో ఇల్లు చేరినది. మొదటి దినములలో ఉదయము పదిగంటలు దాటినచో వీధిలో నరసంచారము లేదు. మేడమీదికి పోయినచో ఒకవైపున కోటగుట్టయు, వేఱొకవైపున 175 అడుగుల చర్చి గోపురమును కనబడుచుండెను గాని వాని నెంతసేపని చూచెదము? సరిగా ఆ నెల 14వ తేదీననే ఈ యాటయొక్క మూడు భాగములును మెఱుగుపఱుపబడి ఒక్క సంపుటముగా వెలువడినవి. నూఱు జీబీలకు పైబడిన ఆ సరుకు మా యింటి ఇంటర్నెట్టుమీద దిగివచ్చుటకు నాలుగు రాత్రులు పట్టినది. ఐదవనాడు ఆమె ల్యాప్‌టాపును టీవీకి తగిలించి, “తాతా, కూసో. సినిమా లెక్క ఉంటది,” అన్నది. సినిమాయే కదా యని కూర్చుంటిమి.

దీనిని నిర్మించిన సంస్థ పేరు బయోవేర్. 1995లో కెనడాదేశపు ఎడ్మంటన్ నగరమున దానిని స్థాపించినవారు వైద్యవిద్య చదివిన యువకులు. మొదటి భాగము 2007లోను, రెండవది 2010లోను, మూడవది 2012లోను వచ్చినవి. 2017లో వచ్చిన నాలుగవది వేఱొక నక్షత్రమండలమునకు తరలిపోయిన వేఱు కథ. దానికి మా యింట ఆదరము కలుగలేదు. మఱియొకటి వచ్చునని 2020లో ప్రకటించిరి. కథ 22వ శతాబ్దపు చివర జరుగును. అప్పటికి నక్షత్రలోకమున అనేక జాతులవా రొక్క సభగా కూడి వ్యవహరించుచుందురు. మానవులు అందఱికంటె వెనుక వచ్చినవారగుటచే ఆ సభలో వారికింకను పీట పడలేదు. షెపర్డ్ అను సేనాని, నార్మండీ అను నౌకపై నానాజాతులవారిని కూర్చుకొని, ఏబదివేల యేండ్లకొకమాఱు వచ్చి నాగరకజాతుల నెల్ల తుడిచిపెట్టు రీపర్లను మహాయంత్రముల నెదుర్కొనుట ఇందలి యితివృత్తము. ఆ సేనాని పురుషుడా, స్త్రీయా యనునది ఆటగాని యిష్టము. మా మనుమరాలు స్త్రీనే యెన్నుకొన్నది. ఆమె యాజ్ఞపై గ్రహగ్రహముల వీరులు నడచుట చూచి మా యిల్లాలు మొదటి నాడే ఈ యాటకు అనుమతి ప్రసాదించినది.

దీని గొప్పతనము తుపాకులలో లేదు. హరికథలో ద్రౌపదిని సభకు ఈడ్చుకొని వచ్చునప్పుడు భీష్ముడు నోరు విప్పిన బాగుండునని ప్రతి శ్రోతయు ననుకొనును. హరిదాసు ఎన్ని యూళ్లలో చెప్పినను భీష్ముడు నోరు విప్పడు. నవలయు, నాటకమును, సినిమాయు నంతియే. ఈ యాటలో భీష్ముని పీఠముమీద మనలనే కూర్చుండబెట్టుదురు. మాటాడుదువా, ఊరకుందువా యని తెరమీద వాక్యములు వచ్చి నిలుచును. మనము ఎన్నుకొనినది ఆటయొక్క జ్ఞాపకమున వ్రాయబడి, ఆ భాగము ముగిసి రెండవది మొదలైనప్పుడు దానివెంట వచ్చును, మూడవదానికిని వచ్చును. తొలినాళ్లలో ఆడినవారు 2007లో చేసిన పనికి ఫలమును 2012లో చూచిరి. కర్మఫలమను మాటను మనమెన్నిమాఱులో పలికియుందుము. దాని లెక్క నింత ఓపికతో వ్రాసిపెట్టిన గుమాస్తాను మేమిచ్చటనే చూచితిమి. మేమును గుమాస్తాగా బ్రదికినవారమే కావున ఈ గుణము మమ్ము కట్టివేసినది.

లోపములు లేకపోలేదు. మొదటి భాగమున ఆఱు చక్రముల బండిలో కొండలెక్కి దిగుటయు, రెండవదానిలో ఖనిజములకై గ్రహముల నొక్కొక్కటిగా తడవి చూచుటయు మాకు మంచి నిద్రావకాశములైనవి. మూడవదాని ముగింపు చూచి దేశదేశముల ఆటగాండ్రు ఆగ్రహించిరి. ఇన్నేండ్లు వ్రాసికొనుచు వచ్చిన లెక్క తుదకు మూడు రంగుల వెలుగులలో ఒకదాని నెన్నుకొనుటకే సరిపోయెనని వారి బాధ. 2012 జూనులో సంస్థవారు ముగింపును పొడిగించి ఉచితముగా నిచ్చిరి. మాకు మాత్రము ఆట అంతకు చాల ముందే ముగిసినది.

మొదటి భాగమున రెక్స్ అను క్రోగనుడు నౌకలో నుండును. క్రోగనులు మహాబలిష్ఠులు, బహుసంతానము గలవారు. పూర్వమొక యుద్ధమున తమకు సాయపడుటకై సాలేరియనులను తెలివిగల జాతివారు వీరిని చేరదీసి ఆయుధములిచ్చిరి. యుద్ధము గెలిచిన పిమ్మట వీరి సంఖ్య పెరిగి, పరుల గ్రహములకు ప్రాకి, తిరుగుబాటైనది. అప్పుడు సాలేరియనులు జెనోఫేజ్ అను రోగమును కల్పించి యివ్వగా, ట్యూరియనులను సైనికజాతివారు దానిని వీరిపై ప్రయోగించిరి. నాటినుండి వేయి గర్భములలో ఒక్కటియే నిలుచును. వర్మైర్ అను గ్రహమున శత్రువు దీనికి విరుగుడు చేయుచున్నాడని తెలిసినది. ఆ స్థావరమును కూల్చవలెనని షెపర్డు పూనిక. రెక్స్ సముద్రపుటొడ్డున తుపాకి యెత్తి అడ్డము నిలిచినాడు. అతనికి నచ్చజెప్పుటకు కావలసిన మాటనేర్పును మనుమరాలు ఇంకను గడింపలేదు. అతని వంశకవచమును వెదకితెచ్చు చిన్నపనిని తరువాత చూతమని వాయిదా వేసియుండెను. ఏమి చేయుదునని మావైపు తిరిగినది. “ఆర్డరంటే ఆర్డరే బిడ్డా. ఒక్కనికోసం పని ఆగుతదా?” అంటిమి. రెక్స్ ఆ యిసుకలో కూలినాడు. మేము లేచి మజ్జిగ త్రాగ పోతిమి. ఆటను వెనుకకు త్రిప్పి మరల ఆడవచ్చునట. ఆమె అట్లు చేయనని పంతము పట్టినది.

రెండవ భాగమున మోర్డిన్ అను సాలేరియను వైద్యుడు వచ్చును. ఆ జాతివారి ఆయువు నలుబదియేండ్లే. అందుచేత కాబోలు ఆయన మాటలు సగము పదములు మ్రింగి వేగముగా దొర్లును. హాస్యప్రియుడు. ప్రాతకాలపు ఆంగ్ల సంగీతనాటకములోని పాటను తనకు తగినట్లు మార్చి పాడును. ఇంటిల్లపాదికిని ఆయనయందు ప్రీతి కలిగిన తరువాత తెలిసినది: జెనోఫేజు శక్తి తగ్గుచుండగా దానికి మరల పదునుపెట్టిన బృందములో ఆయన యొకడు. షెపర్డు నిలదీసినను ఆయన జంకలేదు, లెక్కలు చెప్పినాడు. ఇంతమంది పుట్టినచో ఇంత యుద్ధము; మేము చంపలేదు, సంఖ్యను నిలుకడ చేసితిమి. ఆ మాటలు వినుచుండగా మా కాళ్లు చల్లబడినవి. ఆ లెక్క మాకు క్రొత్తది కాదు.

1976లో మేము 22 ఏండ్లవారము. ఒక కార్యాలయమున క్రింది గుమాస్తాగా చేరి రెండేండ్లు నిండలేదు. 1975 జూను మొదలు 1977 మార్చివఱకు దేశమున అత్యయికస్థితి యుండెను. 1976–77లో దేశమంతట జరిగిన కుటుంబనియంత్రణ శస్త్రచికిత్సలు 80 లక్షలకు పైబడినవి. అవి ముందటి యేటికంటె దాదాపు మూడింతలు. పెక్కు పురుషులకు చేసినవి. మా కార్యాలయమున ఒక్కొక్కరు ముగ్గురిని తేవలెనని నోటిమాటగా చెప్పిరి. తేనివాని జీతము నిలుచునని గుసగుసలు. మేము ముగ్గురిని తెచ్చితిమి. తెచ్చితిమను మాటను చదువరులు గమనింతురు గాక. సంతనుండి ఎడ్లను తెచ్చినట్లే.

అందొకడు మంజీర యొడ్డు పల్లెవాడు, భూమిలేని కూలి, ఒక్క కొడుకు గలవాడు. మేమతనిని బలవంతము చేయలేదు. అతడు మాకు ఇరువది రూపాయలు బాకీ యుండెను, అతని రేషను కార్డు సంగతి మా చేతిలో నున్నదని అతడు నమ్మియుండెను, మేము కాదనలేదు. అంతియే. ఆ పిల్లవాడు మూడేండ్లకు జ్వరముతో పోయినాడు. ఇందిరాగాంధిగారు 1980లో మా మెదకు స్థానమునుండి లోక్‌సభకు ఎన్నికైరి. ఊరిలో మాటాడుకొనుటకు వేఱు సంగతులెన్నో వచ్చినవి. ఆ మూడు పేర్లను గూర్చి మమ్మెవరును అడుగలేదు. తరువాత నొక శివరాత్రికి ఏడుపాయల జాతరలో అతడు ఎదురుపడి, “బాగున్నరా సారూ,” అని చేతులు జోడించినాడు. వెనుక అతని భార్య నిలిచియుండెను. ఆమె చేతులు జోడింపలేదు.

మోర్డిన్‌కును అట్టి ఘడియ వచ్చును. క్రోగనుల గ్రహమున ఒక పాడుపడిన ఆసుపత్రిలో, విరుగుడుకై తన శిష్యుడు చేసిన క్రూరపరీక్షలలో మరణించిన యొక స్త్రీ శవముముందు ఆయన నిలుచును. లెక్కలు ఆగిపోవును. ఆ శిష్యుని పరిశోధనను తుడిచివేయుదమా, దాచుదమా యని ఆట అడిగినది. మనుమరాలు మా సలహా కోరకయే దాచినది.

మూడవ భాగమునకు వచ్చునప్పటికి విరుగుడు సిద్ధమైనది. రెక్స్ బ్రదికియున్నచో తెగలనన్నిటిని కూర్చిన నాయకుడై యుండెడివాడట. అతడు లేడు. అతని పీఠముపై రీవ్ అను సోదరుడు కూర్చున్నాడు. సంతానము పెరిగినంతనే ప్రాతపగలు తీర్చుకొందునని దాపరికము లేక పలుకును. “ఆ రోజు నువ్వే అన్నవు కద తాతా,” అన్నది మనుమరాలు. సాలేరియను అధినాయకురాలు చాటుగా వచ్చి, విరుగుడు పనిచేయకుండునట్లు చూచినచో తమ సైన్యమునిత్తుమని ఆశపెట్టినది. గోపురము కడ మోర్డిన్ విరుగుడును గాలిలో వదలుటకు సిద్ధమైనాడు. ఆయనను పోనిచ్చుటయా, తుపాకితో ఆపుటయా? మనుమరాలు కంట్రోలరును మా చేతిలో పెట్టినది. “నువ్వే చెప్పు. చేయాల్నా, వద్దా?”

రీవ్ మంచివాడు కాడు. సాలేరియనుల భయము వట్టి భయమును కాదు. రెక్స్ ఉన్నచో ఈ తీర్పు సులభమై యుండెడిది. సులభము కాకుండ చేసినవారము మేమే. కాని ఆ మంజీర యొడ్డు కూలి మంచివాడా, చెడ్డవాడా యని మేమానాడు విచారించితిమా? అతడు మంచివాడని తేలినచో మూడవ పేరునకై వేఱొక యింటికి పోయియుందుమా? పోయియుందుము, ఆ వేఱొకనికి పిల్లలెందఱో అడుగక తెచ్చియుందుము. మీటలు ఎక్కడనున్నవో వ్రేళ్లకు తెలియక మేము తడవుకొనుచుండగా ఆమె మా బొటనవ్రేలిని పట్టి తగినచోట నుంచినది. పోనిచ్చితిమి. మోర్డిన్ ఆ పాటనే నెమ్మదిగా పాడుకొనుచు పైకి పోయినాడు. గోపురము ప్రేలినది. ఆ గ్రహమంతట మంచువంటి తునుకలు రాలసాగినవి.

“ఏడుస్తున్నవా తాతా?”

ఆటలు కన్నులకు కీడని మొదటినుండియు చెప్పుచునే యున్నాము కదా యంటిమి.

ఆ రాత్రి ఆమెకు ఆ మూడు పేర్ల సంగతి చెప్పితిమి. మా యిల్లాలు వంటయింటి గడపలో నిలిచి విన్నది. నలుబదియేండ్లకు పైబడిన కాపురములో ఆమెకును చెప్పియుండలేదు. మనుమరాలు చాలసేపు మాటాడక, “ఆయన ఉన్నడా ఇప్పుడు?” అని యడిగినది. తెలియదంటిమి. 2022 శివరాత్రికి ఏడుపాయలకు పోయి, పాయ యొడ్డున కూర్చున్న ముసలివారి ముఖములలో వెదకితిమి. ఉన్నచో ఎనుబదికి చేరియుండును. మనుమరాలు సెలవులకు వచ్చినప్పుడెల్ల అడుగుచునే యున్నది. పల్లె పేరు మాకు జ్ఞాపకమున్నది. ఆటోలో అరగంట. ఇంకను పోలేదు.