తమ్మునికి చదివి వినిపించు

విశాఖపట్నం
14-11-2025, శుక్రవారం రాత్రి

బాపూ,

పొద్దుగాలనే క్షేమంగ దిగినం. నిన్న గోదావరి ఎక్స్‌ప్రెస్ కోసం వరంగల్ ప్లాట్‌ఫారం మీద మస్తుసేపు కూసున్నం. అమ్మ కట్టిచ్చిన సర్వపిండి సగం ఆడనే అయిపోయింది. మీ అల్లుడు బెర్తు మీద తల పెట్టుడే ఆలస్యం, నిద్రపోయిండు. నాకు కన్ను మూతపడలె. రాజమండ్రి కాడ వంతెన చప్పుడు విని లేచి కిటికీల నుంచి చూసిన. చీకట్ల నీళ్లు కనపడలె. దండమైతే పెట్టుకున్న.

ఇగ ఇక్కడ దిగంగనే కిరాయి పంచాయితీ. గాజువాకకు ఆటో ఆరు వందలన్నడు. మీ అల్లుడు మూడు వందలన్నడు. ఇంకొకాయన వచ్చి సామాను ఎత్తి పెట్టుకొని, అయిదు వందలకు తక్కువైతే దించుతనన్నడు. దించుమన్న. ఇద్దరం సంచులు పట్టుకొని బస్టాపుకు నడిసినం. సిటీ బస్సుల కండక్టరమ్మకు నా ఆధార్ కార్డు చూపించిన. మన దిక్కు రెండేండ్ల సంది టికెట్ తీసుకునే అలవాటే పోయింది గదా. ఇక్కడ గూడ ఆగస్టు 15 నుంచి ఆడోళ్లకు బస్సు ఫ్రీ అని పేపర్ల చదివిన. ఆమె కార్డు తిప్పి చూసి, "ఇది తెలంగాణాది కదమ్మా, ఇక్కడోళ్లకేనమ్మా" అన్నది. నేను ఆడిదాన్ని కాదా అని అడిగిన. ఎన్కకు కూసున్న ముసలామె నా తరఫున లేచింది. బస్సంత మాట్లాడింది. చివరికి రూలు రూలే గాబట్టి మీ అల్లుడు ఇద్దరికి టికెట్ తీసిండు. ఆయన గాజువాక దాకా నవ్వుకుంటనే వచ్చిండు. ఆ పైసలు తక్కువనే గాని, పదకొండేండ్ల కింద ఒక్క రాష్ట్రమే అయిన జాగల నా కార్డు పరాయిదైతే మనసు చివుక్కుమన్నది.

దిగింది ఆయన దోస్తు ఇంట్ల. ఇద్దరు వరంగల్ ఐటీఐల కలిసి చదివిండ్రు. దోస్తు హిందుస్థాన్ షిప్‌యార్డుల వెల్డరుగ చేసి పోయినేడాది రిటైరయిండు. దగ్గర్నే సింధియా అని ఒక బస్టాపున్నది. 1941ల ఇక్కడ ఓడల కార్ఖానా పెట్టిన కంపెనీ పేరది. కంపెనీ పోయినా పేరు బస్టాపుకు మిగిలింది. స్వతంత్రం వచ్చినంక 1948 మార్చి 14న నెహ్రూ చేతుల మీదుగ జల ఉష అనే ఓడ నీళ్లల్లకు దిగింది ఇక్కడనే.

తడిసిన పత్తి ఆరిందా? మొంథా తుఫానుకు హనుమకొండల అక్క ఇంట్లకు నీళ్లొచ్చినయి గదా, బియ్యం బస్తాలు పైకెత్తిండ్రా లేదా రాయి.

బయలెల్లేటప్పుడు తమ్ముడు బస్టాండ్ల తన కొడుకు చిన్నోని గురించి అన్న మాట చెవులనే తిరుగుతున్నది. "అక్కా, వాడు యుద్ధనౌక ఎక్కుతడని ఊరందరికి చెప్పుకున్న. తీరా డీజిలు ట్యాంకరు మీద వేసిండ్రు." నువ్వేమో "మనకు సముద్రమే లేకపాయె, మనోడికి ఓడెందుకు" అంటివి. ఈ రెండు మాటలకు జవాబు తీసుకోకుండ రాను.

16-11-2025, ఆదివారం రాత్రి

బాపూ,

చిన్నోడు కలిసిండు! పొద్దున తొమ్మిదింటికి లిబర్టీ దొరికింది. ఒడ్డు మీదికి వదిలే సెలవును వాళ్లు గట్లనే అంటరు. ఒళ్లు చేసిండు. మీసం పెంచిండు, అచ్చం నీ పెండ్లి ఫోటోల నీ తీరే. వాళ్లమ్మ సంబంధాలు చూస్తున్నదని చెప్తే చెవులు ఎర్రబడ్డయి.

నిన్న బీచికి పోయి కురుసుర జలాంతర్గామిల దూరి వచ్చినం. నా మోకాళ్లు ఇంక తిట్టుకుంటున్నయి. ఇగ దాని గురించి రాయ.

ఇయ్యాల చిన్నోడు పాతపట్నంల వెంకటేశ్వరస్వామి కొండ ఎక్కించిండు. పక్కనే దర్గా కొండ, చర్చి ఉన్న రాస్ హిల్, మూడూ వరుసగ ఉంటయి. కింద సముద్రం సన్నటి కాలువ లెక్క లోపలికి వస్తది. అవతల డాల్ఫిన్స్ నోస్ కొండ. ఆ సందుల నుంచే ఓడలు లోపలికీ బయటికీ పోతయి. మేం నిలబడ్డ అరగంటల బూడిద రంగు ఓడ ఒకటి కదిలింది. అంతటి ఓడను ముందు బుడ్డ టగ్గు ఒకటి తాడు కట్టి గుంజుతున్నది! కోడెదూడను పిల్లగాడు పలుపు పట్టి తీస్కపోయినట్టు. సముద్రంల ఎంత ఉరికే ఓడకైనా రేవుల ఆ టగ్గు కావాల్నట.

అక్కడ కూసోపెట్టి చిన్నోడు ఓడల సంగతంత చెప్పిండు. నావికాదళంల నూట ముప్పైకి పైనే ఓడలుంటే, విమానాలు లేచేటివి రెండే. విక్రమాదిత్య, విక్రాంత్. కొచ్చిల కట్టిన విక్రాంత్ 262 మీటర్ల పొడుగు, దగ్గర దగ్గర 45,000 టన్నులు. 2022 సెప్టెంబరు 2న దళంల చేరింది. అంతటిది ఒంటరిగ ఎటూ పోదు. దాని చుట్టు డిస్ట్రాయర్లు, ఫ్రిగేట్లు కావలి ఉండాలె. డిస్ట్రాయర్ అంటే మీదికొచ్చే విమానాన్ని, ఎదురొచ్చే ఓడను, నీళ్ల కింద వచ్చేదాన్ని మూడింటినీ పట్టేది. ఈ ఊరి పేరు పెట్టిన ఐఎన్‌ఎస్ విశాఖపట్నం 2021ల వచ్చింది. 163 మీటర్లు, 7,400 టన్నులు. ఫ్రిగేట్ దాని కంటె కొంచెం చిన్నది. ఉదయగిరి, హిమగిరి అని రెండు ఫ్రిగేట్లు మొన్న ఆగస్టు 26న ఇక్కడనే ఒక్కనాడు చేరినయి. ఇంకా చిన్నవి కార్వెట్లు. అన్నిటికన్న నాకు నచ్చింది అర్నాళ. 77 మీటర్లే. జూన్ 18న వచ్చింది. ఒడ్డు దగ్గర లోతు తక్కువున్న కాడ పెద్ద ఓడ తిరగలేదు. జలాంతర్గామి దొంగ లెక్క వచ్చి దాసుకునేది గూడ ఆడనే. 1971 డిసెంబరు 3 రాత్రి తెల్లారేలోపు పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగింది ఈ రేవు బయటనే గదా. ఆ చిన్న ఓడల విలువ ఈ ఊరోళ్లకు ఎవరూ చెప్పనక్కర లేదు.

ఇగ తమ్ముని ట్యాంకరు మాట. చిన్నోని ఓడ పేరు ఉత్తరంల రాయ. ఆ జాతి ఓడ ఒకటి శక్తి అని ఉన్నది, 2011ల వచ్చింది, ఇటలీల కట్టింది. 175 మీటర్ల పొడుగు, నిండితే 27,500 టన్నులు. విశాఖపట్నం డిస్ట్రాయర్ కంటె పొడుగు, బరువు మూడింతలు దాటి ఎక్కువ. తమ్ముడు దాన్ని వరంగల్ రోడ్డు మీద పోయే ట్యాంకరు అనుకుంటున్నడు!

అది చేసే పని ఇను. నడి సముద్రంల రెండు ఓడలు పక్కపక్కన, ఒకటే వేగంతోని పోవాలె. నడుమ నలభై యాభై మీటర్ల జాగ. మొదలు తుపాకీతోని సన్న దారం ఆ ఓడ మీదికి కొడ్తరు. దానికి కట్టి లావు తాడు, తాడుకు పైపు. అట్ల గంటల తరబడి నడుస్తనే డీజిలు, నీళ్లు, కూరగాయలు అందిస్తరు. సోమేశ్వరుని జాతరకు పోయే రెండు ఎడ్లబండ్లు ఆగకుండ నడుస్తుంటే ఒక బండ్ల నుంచి ఇంకో బండ్లకు నీళ్ల బిందె అందియ్యాలె, చుక్క ఒలకొద్దు. అలలు లేస్తున్నా చుక్క ఒలకొద్దు. చిన్నోడు ఇంజన్ రూంల ఉంటడు. ఆ వేగం ఇసుమంత తప్పొద్దు. తప్పితే రెండు ఓడలు గుద్దుకుంటయి, లేకుంటే పైపు తెగుతది. "అత్తా, ఆ మూడు గంటలు నాకు ఆకలి తెల్వది" అన్నడు. వాని వయసు ఇరవై ఒకటి, బాపూ.

2008 నుంచి మన ఓడలు ఏడెన్ గల్ఫ్‌ల సముద్రపు దొంగల మీద కావలి కాస్తున్నయి. ఇంటికి రాకుండ అన్ని రోజులు అంత దూరంల ఉండాలంటే ఎవరు నీళ్లు పోయాలె, ఎవరు కూడు పెట్టాలె? క్షిపణుల ఓడ ఫోటో పేపర్ల పడుతది, దానికి కడుపు నింపిన ఓడ ఫోటో పడదు. ఇదే నాకు బాధ.

కడుపు మాటొచ్చింది గాబట్టి బువ్వ సంగతి రాయాలె. దోస్తు భార్య చిన్నోని కోసం పొద్దటి సంది పొయ్యి కాడనే ఉన్నది. కార్తీకమని నేను నీసు ముట్టనంటే నా కోసం వేరే వండింది. ఆవ పెట్టిన పనసపొట్టు కూర! పనసకాయను కత్తితోని సన్నగ కొట్టి, ఉడకబెట్టి, చల్లారినంక ఆవ కలిపి, ఎండుమిరపకాయల పోపు పెట్టింది. మొదటి ముద్దకు ముక్కుల మంట, రెండో ముద్దకు కండ్లల నీళ్లు, మూడో ముద్ద నుంచి ఆపలేకపోయిన. కారం తినే మన నోరు గూడ ఆ ఘాటుకు సలాం కొట్టింది. పులుసుల మాత్రం బెల్లం ఏసిండ్రు. మీ అల్లుడు మొహమాటానికి రెండోసారి పోసుకున్నడు. నేను పోసుకోలె. నాకు అమ్మ చేసే పచ్చిపులుసు, దాంట్ల కొరికే పచ్చి ఉల్లిగడ్డ యాదికొచ్చినయి. చిన్నోడు, ఆయన వంజరం ముక్కలు తిన్నరు. మన చెర్ల కొర్రమీను ముందర ఇదేం లెక్క అని మీ అల్లుడంటే, ఆమె ఇంకో ముక్క వడ్డించింది, అంతే ఆయన నోరు మూతపడ్డది.

చిన్నోడు తిని లేచి, అందరి పళ్లాలు తనే ఎత్తి కడిగిండు. వద్దన్నా ఇనలె. ఓడ మీద అలవాటట. ఈ సంగతి వాళ్లమ్మకు తప్పకుండ చెప్పు.

17-11-2025, సోమవారం మాపటి జాము

బాపూ,

రాత్రి నుంచి జరం. గొంతు పూడింది. బయట ముసురు. సింహాచలం పోవుడు ఆగింది. ఇయ్యాల కార్తీకం ఆఖరి సోమవారం. సోమేశ్వరుని గుట్ట మీద దీపాలు కండ్లల మెదులుతున్నయి. అమ్మ ఒక్కతే మెట్లెక్కిందా? మోకాళ్లకు కట్టు కట్టుకున్నదా? నిజం చెప్తున్న, ఈ ఊరు ఎంత బాగున్నా ఇప్పుడు మన ఇంటి అరుగు మీద కూసోవాల్నని ఉన్నది.

పడుకొని నీ మాటనే ఆలోచించిన. మనకు సముద్రం లేదంటివి. ఓరుగల్లు రాజులకు లేకుండెనా? కాకతి గణపతిదేవుడు మోటుపల్లి రేవుల 1244 ప్రాంతంల అభయ శాసనం వేయించిండు. తుఫానుకు ఓడ పగిలితే సరుకంత గుంజుకునే రాజుల పద్ధతి మాన్పించి, సుంకం ఒక్కటే తీసుకుంటనని వర్తకులకు మాటిచ్చిండు. నేను బడిల ముప్పై ఏండ్లు చెప్పిన పాఠం ఇది. ఇక్కడ ఓడల గ్యాస్ టర్బైన్ ఇంజన్లను విప్పి బాగుచేసే జాగ ఒకటున్నది. పేరు ఐఎన్‌ఎస్ ఏకశిల. ఆ మాట వినంగనే నాకు మన ఓరుగల్లు, ఏకశిలానగరమే కండ్ల ముందుకొచ్చింది. జలాంతర్గామోళ్ల బడి పేరు శాతవాహన. ఒడ్డు మీదున్నా వీటినీ ఓడల లెక్కనే పిలుస్తరు.

ఇంకొకటి. నీళ్ల కిందికి పోయిన జలాంతర్గామికి మామూలు రేడియో అందదు. చాలా పొడుగు అలలున్న తరంగాలే కొన్ని మీటర్ల లోతుకు దిగుతయి. అటువంటి రేడియో కేంద్రానికి 2024 అక్టోబరు 15న శంకుస్థాపన చేసింది మన వికారాబాద్ దామగుండం అడవిలనే. తమిళనాడు తిరునెల్వేలి దిక్కు ఒకటున్నది, దేశంల ఇది రెండోది. ఆ అడవిల చెట్లు పోతయని ఊరోళ్లు కొట్లాడిండ్రు, వాళ్ల బాధ గూడ నిజమే. చెట్టు విలువ తెలిసిన మనిషివి, నీకు నేను చెప్పేదేమున్నది. సముద్రం లేదన్న మన మట్టి మీది నుంచే రేపు సముద్రం కిందికి మాట పోతది.

దోస్తు మధ్యాహ్నం నా మంచం పక్కన కూసొని నిస్తార్ గురించి చెప్పిండు. ఈ షిప్‌యార్డులనే కట్టిండ్రు, 118 మీటర్లు, జులై 18న దళంల చేరింది. నీళ్ల కింద జలాంతర్గామి చిక్కుకపోతే లోపలున్నోళ్లను పైకి తెచ్చే చిన్న వాహనానికి అది తల్లి ఓడ. దాని కడుపుల తను వేసిన అతుకులున్నయని చెయ్యి చాపి చూపిచ్చిండు. ఆ చెయ్యి నిండ నిప్పురవ్వల మచ్చలు. చిన్నోడు పని చేసేటి అసొంటి, డీజిలు అందించే ఓడలు గూడ ఇగ ఇటలీ నుంచి రానక్కర లేదు. 44,000 టన్నులవి అయిదు కట్టేందుకు 2023 ఆగస్టుల ఒప్పందమైంది, ఈ యార్డుతోనే. సముద్రాన్ని కొలిచి పటాలు గీసే సంధాయక్ గూడ ఉన్నది. జలాశ్వ అని దండును ఒడ్డుకు దించే ఓడ ఉన్నది. 2020 మే 10న మాల్దీవుల్ల చిక్కుకున్న 698 మందిని కొచ్చి చేర్చింది అదే. వీటిల్ల ఏది తక్కువ, ఏది ఎక్కువ బాపూ? నన్నడిగితే నావికాదళం బలం ఎంతో చూసేటోడు మొదలు ఈ ఓడల్నే లెక్కపెట్టాలె.

ఎల్లుండి గోదావరికే ఎక్కుతం. ఈ ఉత్తరం మా కంటె ముందు వస్తదో లేదో, అందుకే ఫోటో తీసి చెల్లె ఫోనుకు గూడ పంపుతున్న. తమ్మున్ని కూసోపెట్టి మొత్తం చదివి వినిపించు. మళ్లా చిన్నోనికి ఫోన్ చెయ్యమను. ట్యాంకరు మాట ఎత్తొద్దు, పని ఎట్లున్నది బిడ్డా అని అడగమను. తండ్రి అట్ల ఒక్కసారి గూడ అడగలేదని నిన్న కొండ దిగుతుంటే చిన్నోడు నాతోని అన్నడు. ఇయ్యాల రేపట్లనే చెయ్యాలె. ఓడ కదిలినంక ఫోన్ అందదు.

నీ బిడ్డ