కారే చుక్క

మొన్నటి చలికాలంలో మా ఇంట 25 లీటర్ల గీజరు పెట్టించాము. నీళ్ళు కాగేటప్పుడు సేఫ్టీ వాల్వు నుండి చుక్కలు కారుచుండగా, "తమ్ముడూ, దానికి బిరడా బిగించు" అన్నాము.

ప్లంబరు తల అడ్డంగా ఊపాడు. "వద్దండి అయ్యగారూ. ఆ 25 లీటర్లు మరిగితే దాదాపు 26 అవుతాయి. దారి మూస్తే ట్యాంకే పగలవచ్చు. గొట్టం పెట్టి చుక్కల్ని కిందికి దింపుతాను."

ఎర్తు తీగె సరిచూచి, ట్యాంకు నింపి, కుళాయిలో ధార వచ్చిన తరువాతే స్విచ్చి వేశాడు.

బిరడా బిగిస్తే మాకు సంతోషం, అతనికి పని త్వరగా ముగిసేది. అయినా మా మాట వినలేదు. ఎవరూ చూడని చోట నమ్మకముగా పనిచేయుట ఆ దినమున అతని యొద్ద నేర్చుకొన్నాము. మీ ఇంట ఆ వాల్వు మూసియున్న యెడల, గీజరు ఆపి, నేడే ప్లంబరును పిలిపించండి.