జాబితాలో ఎన్నోవాడు?

2009 జూన్ 9. న్యూజెర్సీలోని సికాకస్ పట్టణంలో ఓ టీవీ స్టూడియో. అదే రాష్ట్రంలోని మిల్‌విల్ అనే చిన్న ఊరి నుంచి పదిహేడేళ్ల కుర్రాడు ఇంట్లోవాళ్లతో వచ్చి కూర్చున్నాడు. అమెరికా బేస్‌బాల్ జట్లు ఆ సాయంత్రం కొత్త కుర్రాళ్లను ఎంచుకుంటున్నాయి. ఎంపిక కావాల్సినవాళ్లలో స్టూడియో దాకా వచ్చింది అతనొక్కడే. ఒక్కో పేరూ చదువుతున్నారు. ఐదు, పది, ఇరవై... అతని పేరు రాదే! దేశమంతా టీవీల్లో చూస్తుండగా ఇరవై నాలుగు పేర్లు అయిపోయాయి. ఇరవై ఐదోది అతనిది... మైక్ ట్రౌట్.

ఆ కుర్రాడే ఆ తర్వాత 2014, 2016, 2019ల్లో మూడుసార్లు అమెరికన్ లీగ్‌లో అత్యంత విలువైన ఆటగాడయ్యాడు. అతన్ని తీసుకున్న ఏంజెల్స్ జట్టుకే 24వ అవకాశం కూడా ఉంది. అందులో మరో కుర్రాణ్ని తీసుకున్నాకే ట్రౌట్ పేరు చెప్పారు. మరి ఇలాంటి జాబితాని ముందుగానే ఊహించి రాయడమే కొందరికి ఉద్యోగమంటే నమ్మగలమా?

ఈ ఎంపికను 'డ్రాఫ్ట్' అంటారు. మన ఇంజినీరింగ్ కౌన్సెలింగ్‌ని తిరగేస్తే అచ్చం ఇదే. ఇక్కడ ర్యాంకు వచ్చిన పిల్లలు కాలేజీని ఎంచుకుంటారు. అక్కడ జట్లే పిల్లల్ని ఎంచుకుంటాయి. 1965లో మొదలైంది. కిందటేడాది చిత్తుగా ఓడిన జట్లకు ముందు అవకాశం. కావాలని ఓడిపోతారేమోనన్న అనుమానంతో 2023 నుంచి మొదటి ఆరు స్థానాలకు లాటరీ కూడా పెట్టారు. ముప్ఫై జట్లు, ఇరవై రౌండ్లు... అంటే ఏటా ఆరువందల మందికి పైనే. అందరి కళ్లూ మాత్రం మొదటి ముప్ఫై పేర్ల మీదే.

వసంతం రాగానే జోస్యాలు మొదలవుతాయి. వీటిని 'మాక్ డ్రాఫ్ట్'లంటారు. 1981లో పుట్టిన 'బేస్‌బాల్ అమెరికా' పత్రిక దగ్గర్నుంచి ఈఎస్‌పీఎన్ దాకా ఎవరి జాబితా వాళ్లదే. మన ఉగాది పంచాంగమైతే ఏడాదికొక్కసారే. ఇవి మాత్రం వారం వారం మారుతుంటాయి, డ్రాఫ్ట్ రోజు పొద్దున కూడా!

రాసేవాళ్లు గాల్లో రాయరు. ఏ స్కూలు మైదానంలో ఏ జట్టు పెద్దాయన కనిపించాడు, ఎన్నిసార్లు వచ్చాడు, రాడార్ గన్‌లో బంతి వేగం ఎంత చూపించింది... అన్నీ ఆరా తీస్తారు. స్కౌట్లు ప్రతి కుర్రాడి బ్యాటింగుకీ, పరుగుకీ, విసురుకీ 20 నుంచి 80 వరకు మార్కులేస్తారు. సున్నా నుంచి వంద ఎందుకు కాదని అడగొద్దు, అక్కడ అదే ఆనవాయితీ. ఇక చిక్కేమిటంటే ఫోన్లో సమాచారం చెప్పే ప్రతివాడికీ ఓ స్వార్థం ఉంటుంది. జట్టువాడు తన మనసులో మాట దాచి మరో పేరు చెబుతాడు. ఏజెంటు తన కుర్రాడి ధర పెంచి చెబుతాడు. ఇద్దరి మాటల్లోంచీ నిజాన్ని ఏరుకోవాలి.

పైగా, ఎవరు గొప్ప ఆటగాడవుతారన్నది ఒక ప్రశ్న. ఏ జట్టు ఎవరిని తీసుకుంటుందన్నది వేరే ప్రశ్న. జోస్యం చెప్పేది రెండోదానికే. చదవాల్సింది కుర్రాడి జాతకం కాదు, జట్టు యజమాని చెక్కుబుక్కు.

2012నే చూడండి. మొదటి అవకాశం హ్యూస్టన్ ఆస్ట్రోస్‌ది. చాలామంది స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ బౌలర్ మార్క్ అపెల్ పేరు రాశారు. (బేస్‌బాల్‌లో 'పిచర్' అంటారుగానీ పని అదే.) జట్టు మాత్రం ప్యూర్టోరికో నుంచి వచ్చిన పదిహేడేళ్ల కార్లోస్ కొరియాని తీసుకుంది. ఎందుకు? ఏ స్థానానికి ఎంత బోనస్ అన్న లెక్కలన్నీ కలిపి జట్టుకో పరిమితి ఆ ఏడాదే వచ్చింది. మొదటి స్థానానికి 72 లక్షల డాలర్లు. కొరియా 48 లక్షలకే ఒప్పుకున్నాడు. మిగిలినదాంతో 41వ స్థానంలో లాన్స్ మెక్‌కలర్స్ అనే ఖరీదైన కుర్రాణ్నీ సంపాదించుకున్నారు. మన ఇళ్లలో ఒక పద్దులో మిగిల్చి మరో పద్దులో సర్దుతారే... అదే విద్య. అపెల్ ఎనిమిదో స్థానానికి జారి, పిట్స్‌బర్గ్ జట్టు ఇస్తానన్న డబ్బు కాదని మళ్లీ కాలేజీకి వెళ్లిపోయాడు.

మనవాళ్లకి ఇంకాస్త దగ్గరగా అనిపించే పేరు కుమార్ రాకర్. తండ్రి అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు, తల్లి భారత సంతతి. 2019లో వాండర్‌బిల్ట్ యూనివర్సిటీ తరఫున ఒకే మ్యాచ్‌లో ఒక్క హిట్టూ ఇవ్వకుండా 19 మందిని స్ట్రైకౌట్ చేశాడు. 2021లో న్యూయార్క్ మెట్స్ పదో స్థానంలో తీసుకుంది. 60 లక్షల డాలర్లకు మాట కుదిరిందన్నారు. వైద్యపరీక్షలయ్యాక జట్టు వెనక్కి తగ్గింది. సంతకమే జరగలేదు. ఎంపికై కూడా జట్టు లేకుండా మిగిలిపోయాడు! భుజానికి ఆపరేషన్ చేయించుకుని, మరుసటేడు ఓ చిన్న లీగ్‌లో కొన్ని మ్యాచ్‌లాడి మళ్లీ డ్రాఫ్ట్‌కొచ్చాడు.

2022లో టెక్సస్ రేంజర్స్ మూడో స్థానంలో అతని పేరు చదివేసరికి జోస్యులంతా అవాక్కయ్యారు. ఆ స్థానం ధర 75 లక్షల డాలర్లకు పైనే. అతను 52 లక్షలకే సంతకం చేశాడు. మిగిలిన డబ్బు నాలుగో రౌండులో బ్రాక్ పోర్టర్ అనే మరో బౌలర్‌కి 37 లక్షలివ్వడానికి అక్కరకొచ్చింది. లెక్క అయ్యాక చూస్తే అంతా తేటతెల్లమే. ముందు చెప్పినవాళ్లే కరువు.

ఈ జాబితాల్ని అభిమానులు సరదాకి చదువుతారు. కుర్రాళ్ల ఇళ్లలో అది సరదా కాదు. హైస్కూలు పిల్లాడు డ్రాఫ్ట్‌లో సంతకం చేయకుండా నాలుగేళ్ల కాలేజీలో చేరితే, మూడేళ్లు పూర్తయ్యేదాకా లేదా ఇరవై ఒకటి నిండేదాకా మళ్లీ అవకాశం రాదు. ఈలోపు మోచెయ్యి దెబ్బతింటే? అందుకే 'ఇంతకి ఒప్పుకుంటారా?' అని ఫోనొస్తే ఇంటిల్లిపాదీ తేల్చుకోవాలి. పేపర్లో కొడుకు పేరు ఏడో స్థానంలో చూసిన తండ్రికి ఇరవయ్యో స్థానం ధర నచ్చుతుందా? ఎవరో ఫోన్లో విని రాసిన అంకె ఆ ఇంట్లో పరువు లెక్కయిపోతుంది. కాదన్నవాడికి కాలేజీలో దశ తిరగొచ్చు, భుజమూ పోవచ్చు.

స్థానం చూసి ఆటని కొలవలేమన్నదానికి 2016 చాలు. బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి ఆ ఏడాది ఇద్దరు ఆటగాళ్లు కలిసి అడుగుపెట్టారు. ఒకరు 1987లో మొట్టమొదటి పేరుగా ఎంపికైన కెన్ గ్రిఫీ జూనియర్. రెండోవాడు 1988లో 62వ రౌండులో, 1390వ పేరుగా వచ్చిన మైక్ పియాజా. తండ్రికి స్నేహితుడైన డాడ్జర్స్ మేనేజర్ టామీ లసోర్డా మొహమాటానికి చెప్పి ఇప్పించిన స్థానమది. దాన్ని ఏ పంచాంగంలో వెతుకుతాం?

అన్నట్టు, కాలేజీకి తిరిగెళ్లిన అపెల్ మరుసటేడు నిజంగానే మొదటి స్థానంలో వచ్చాడు, అదీ ఆస్ట్రోస్‌కే! బోనస్ 63 లక్షల డాలర్లకు పైనే. ఏడాది ఆలస్యంగానైనా జోస్యం ఫలించిందని రాసినవాళ్లు సంతోషించే ఉంటారు. కానీ గాయాలతో, తడబాట్లతో చిన్న లీగుల్లోనే తిరిగి 2018లో ఆట మానేశాడు. మూడేళ్ల తర్వాత మళ్లీ బంతి పట్టుకున్నాడు. 2022 జూన్‌లో, ముప్ఫై ఏళ్ల వయసులో, ఫిలడెల్ఫియా జట్టు తరఫున మొదటిసారి పెద్ద లీగ్ మైదానంలోకి దిగి ఒక్క ఇన్నింగ్స్ బంతులేశాడు. ప్రత్యర్థికి ఒక్క పరుగూ ఇవ్వలేదు.