బోసి నెమళ్ల నెల

దసరా సెలవుల్లో మహావీర్ హరిణ వనస్థలి గేటు దాటి నాలుగడుగులు వేశామో లేదో, గడ్డిలో ఓ మగ నెమలి తీరిగ్గా పురుగులు ఏరుకుంటూ కనిపించింది. మెడ నీలంగా మెరుస్తూనే ఉంది. వెనక మాత్రం బోసి. ముందు నడుస్తున్న పిల్ల ఆగిపోయి, "నాన్నా, దీని తోకేదీ?" అంది. "ఎవరో పీకేసుంటారమ్మా" అన్నాడు తండ్రి. ఫోన్ తీసినవాడు తీసినట్టే జేబులో పెట్టేసుకున్నాడు.

పాపం ఎవరూ పీకలేదు. జత కట్టే రోజులు అయిపోయి వానలు తగ్గుముఖం పట్టేసరికి ఆ పొడుగాటి ఈకల్ని నెమలి తనే ఏటా రాల్చేస్తుంది. మనం పింఛం అని మురిసిపోయేది అసలు తోకే కాదు, తోక మీద కప్పిన ఈకలు. అసలుది వాటి కింద పొట్టిగా, గోధుమ రంగులో ఎప్పుడూ ఉంటుంది. రాలినవి మళ్లీ నిండుగా రావాలంటే నెలలు పడుతుంది. నాకైతే ఈ బోసి నెమలి మీదే మక్కువ. పందిరి విప్పేశాక లుంగీలోకి మారిన పెళ్లికొడుకులా ఎంత హాయిగా తిరుగుతుందో!

హైదరాబాద్‌లో విజయవాడ హైవే మీద, ఆటోనగర్ పక్కన, 3,500 ఎకరాలకు పైగా పరుచుకున్న తుప్పల అడవి ఇది. ఒకప్పుడు నిజాముల వేట మైదానం. మహావీరుడి 2,500వ నిర్వాణోత్సవాలప్పుడు, 1975లో, ఆయన పేరు పెట్టి కృష్ణజింకలకు వదిలేశారు. వేట సాగిన నేలకు అహింస చెప్పినాయన పేరు! ఆ ఆలోచన ఎవరిదో గానీ వాళ్లకో దండం.

జింకల్ని చూడాలంటే వానలు వెనకబట్టిన ఈ రోజులే మంచివి. గడ్డి ఇంకా పచ్చగా ఉంటుంది, మగజింకలు జాగా కోసం కొట్లాడుకునే కాలాల్లో ఇదీ ఒకటి. మెలికల కొమ్ముల నల్లటి మగజింక ఒకటి మా వ్యానుకు దగ్గర్లోనే పెంటికల కుప్ప దగ్గర ఆగింది. వచ్చినప్పుడల్లా అక్కడే వేసి, ఆ చోటు తనదని మిగతా మగవాటికి తెలియజేస్తుంది. తర్వాత తల వంచి, ఓ ఎండు పరక కొసను సరిగ్గా కంటి కిందున్న చీలికలోకి దూర్చుకుంది. కన్ను పొడుచుకుంటుందేమోనని నా గుండె జారింది. ఆ చీలికలో నల్లటి జిగురు ఊరుతుంది. దాన్ని పరకకు మెల్లగా రాసి, మరో పరక వైపు నడిచింది. ఇంత శ్రమపడుతున్నా, అవతల మేస్తున్న ఆడజింకలు తలెత్తి చూస్తే ఒట్టు. హైవే మీద లారీల హారన్లకూ ఎత్తలేదు. నా పక్కసీటాయన డ్రైవర్‌ని "ఇక్కడ పులి లేదా?" అని అడిగాడు.

దారి పొడవునా తంగేడు విరగబూసింది. దాని ఆకుల మీద గుడ్లు పెట్టడానికి లేతపసుపు సీతాకోకచిలుకలు ఒకటే తిరగడం. తెలంగాణ 2014లో రాష్ట్ర పుష్పంగా తంగేడును, చెట్టుగా జమ్మిని, పక్షిగా పాలపిట్టను ఎంచుకుంది. మూడూ ఈ నెలవే: బతుకమ్మలో తంగేడు, దసరా సాయంత్రం జమ్మి, పాలపిట్ట. మిగతా పదకొండు నెలలూ వాటిని పట్టించుకునేవాళ్లు తక్కువ.

పాలపిట్టకు మాత్రం పండగ ప్రాణం మీదికి తెస్తుంది. ఆ రోజు కనబడితే శుభమని కొందరు వల వేసి పట్టి, రెక్కలు కట్టేసి, పంజరంలో పెట్టి, వీధుల్లో తిప్పి డబ్బులు అడుగుతారు. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం అది నేరం. పైగా శుద్ధ మోసం. కూర్చున్న పాలపిట్ట చాలామటుకు మట్టిరంగే. దాని అసలు సొగసు రెక్కల్లో ఉంది, ముదురు నీలం పక్కన లేతనీలం. అవి విప్పితేనే కనబడతాయి. రెక్కలు కట్టేసిన పిట్టను చూసి డబ్బులిచ్చినాయన కొనుక్కున్నది మట్టిరంగు వీపు. ఇదే పిట్ట ఊరి చివర కరెంటు తీగల మీద ఉచితంగా దొరుకుతుంది. మిడత కోసం కిందికి దూకేదాకా ఓపిగ్గా నిలబడాలి, అంతే.

బయటికొచ్చి తీగల వంక చూస్తూ నిలబడ్డాను. గేటు దగ్గర జమ్మి ఆకు అమ్ముకుంటున్నామెకు నా అవస్థ అర్థమైనట్టుంది.

"అన్నా, గటు గాదు, గా మూల స్తంభం మీద సూడు. ఆకు కొంటెనే సూపిస్తననుకోకు."