చప్పుడు కాని చెమట

శక్కర్‌నగర్‌లో పుట్టి పెరిగిన మాకు చిన్నప్పుడు షుగర్ అంటే ఒకటే అర్థం, ఫ్యాక్టరీ. 'మీ నాయిన ఎక్కడ పనిచేస్తడు?' అని ఎవరైనా అడిగితే 'షుగర్‌ల' అనేవాళ్లం. ఇప్పుడు నిజామాబాద్‌లో నా వయసువాళ్లు నలుగురు కూడితే 'మీకు షుగర్ ఎంతుంది?' అన్నదే పలకరింపు. 1937లో మొదలై, ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరు మోసిన బోధన్ నిజాం షుగర్ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. ఈ రెండో షుగర్ మాత్రం మూడు షిఫ్టులూ నడుస్తోంది.

నాకూ వచ్చింది. మూడు నెలల సగటు చెప్పే పరీక్షలో 8.4 అని తేలింది. ఖలీల్‌వాడి డాక్టరుగారు మాత్రలు రాసి, "రోజుకు అరగంటైనా గుండె వేగం పెరిగేలా, చెమట పట్టేలా ఏదో ఒకటి చేయాలమ్మా" అన్నారు. నడవమన్నారు. చెప్పడం తేలికే. మన ఊళ్లో ఏప్రిల్, మే నెలల్లో ఎండ 44, 45 డిగ్రీలకు పోతుంది. తెల్లవారుజామున అయిదింటికి బయలుదేరితే వీధి కుక్కలు. ఏడు దాటితే మాడు పగులుతుంది. వానాకాలం సంగతి మన రోడ్లు చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు. ఇంటిపనులయ్యి నాకు చేతికి దొరికే సమయం పొద్దున పది నుంచి పదకొండు. ఆ వేళకు బయట నడిచే మాట లేదు. కాబట్టి ఏం చేసినా ఇంట్లోనే చేయాలి.

ఇంట్లో అంటే అయిదంతస్తుల అపార్ట్‌మెంట్‌లో మూడో అంతస్తు. నా కింద ఒకరున్నారు, నా పైన ఒకరున్నారు.

కింది ఫ్లాట్‌లో ఓ ప్రైవేటు ఆసుపత్రిలో నర్సుగా చేసే అమ్మాయి ఉంటుంది. ఎక్కువగా రాత్రి డ్యూటీలే. పొద్దున ఎనిమిదిన్నరకు వచ్చి, స్నానం చేసి, రెండు ముద్దలు తిని పడుకుంటుంది. నాకు తీరిక దొరికే పదిగంటలకు ఆమెకు నడిరాత్రి. పై ఫ్లాట్‌లో డిగ్రీ అయిపోయిన కుర్రాడు కానిస్టేబుల్ పరీక్షకు తయారవుతున్నాడు. వాన పడిన రోజు గ్రౌండ్ బురదవుతుంది కాబట్టి ఇంట్లోనే తాడాట మొదలుపెడతాడు. అతను ఎగిరినంతసేపూ మా ఫ్యాను ఊగుతుంది, వంటింటి అరలో గ్లాసులు ఒకదానితో ఒకటి ముచ్చట పెట్టుకుంటాయి. మన నెత్తిన పడే అడుగు ఎలా ఉంటుందో నాకు బాగా తెలుసు. అదే అడుగును పగలంతా నిద్రపోవాల్సిన పిల్ల నెత్తిన వేయడానికి నాకు మనసొప్పలేదు.

దీనికి అపార్ట్‌మెంట్ మర్యాద అని పేరు పెట్టను. శక్కర్‌నగర్‌లో మాకిది చిన్ననాటి అలవాటు. క్రషింగ్ సీజన్ మొదలైతే చెరుకు బండ్లు బారులు తీరేవి, ఊరంతా మొలాసిస్ వాసన. ఫ్యాక్టరీ రాత్రీపగలూ ఆగేది కాదు. ప్రతి నాలుగిళ్లకు ఒకరు నైట్ షిఫ్టు చేసి వచ్చి పగలు పడుకునేవారు. "సప్పుడు చేయకుండ్రి, కాక డ్యూటీ చేసొచ్చి పన్నడు" అని అమ్మలు మమ్మల్ని అదిలిస్తే, గోలీలాట పక్కవీధికి మార్చుకునేవాళ్లం. బిందె దించినా మెల్లగా దించేవారు. క్వార్టర్లలో అందరిదీ నేలే, ఒకరి నెత్తిన ఒకరు లేరు. అయినా అంత జాగ్రత్త.

ఫోన్‌లో వ్యాయామం వీడియోలు చూశాను. ప్రతిదాంట్లోనూ ఒక అమ్మాయి బంతిలా ఎగురుతూ ఉంటుంది. ఎగరకపోతే గుండెకు మేలు జరగదేమోనన్న అనుమానం వస్తుంది చూస్తే. గుండెకు కావలసింది ఎగురుడు కాదు. ఒంట్లో పెద్ద కండరాలు, ముఖ్యంగా తొడలవీ పిరుదులవీ, ఆగకుండా పనిచేస్తే అవి రక్తం అడుగుతాయి. ఆ రక్తం పంపడానికి గుండె వేగం పెంచుకుంటుంది. పైగా పనిచేసే కండరం ఇన్సులిన్ పిలుపు కోసం అంతగా ఎదురుచూడకుండానే రక్తంలోని గ్లూకోజును లాక్కుంటుంది. షుగర్ ఉన్నవాళ్లకు ఇదే అసలు లాభం.

ఈ విషయంలో నాకు బాగా నచ్చిన కథ లండన్ బస్సులది. జెర్రీ మోరిస్ అనే వైద్యుడు, ఆయన తోటివాళ్లు అక్కడి డబుల్ డెక్కర్ బస్సుల సిబ్బందిని పరిశీలించి 1953లో ఫలితాలు ప్రకటించారు. ఒకే బస్సు, ఒకే వేళలు. రోజంతా కూర్చునే డ్రైవర్ల కంటే, టిక్కెట్లు కొడుతూ పైకీ కిందికీ మెట్లెక్కి దిగే కండక్టర్లకు గుండెజబ్బు తక్కువగా వచ్చింది. ఆ కండక్టర్లు రోజుకు ఎక్కే మెట్లు అయిదువందల పైచిలుకు. బస్సులో ఏ కండక్టరూ ఎగిరి దూకలేదు కదా!

ఇక చప్పుడు సంగతి. మాట గాలిలో వెళ్తుంది, తలుపేస్తే చాలావరకు ఆగుతుంది. అడుగు అలా కాదు. స్లాబును తాకగానే స్లాబు మొత్తం డప్పు చర్మంలా అదురుతుంది. ఆ అదురు దూలాలు, గోడలు పట్టుకుని పాకుతుంది. మామూలుగా నడిచేటప్పుడు పాదం మీద పడేది మన బరువు కంటే కాస్త ఎక్కువ. పరుగెత్తితే రెండు మూడింతలు. డెబ్బయి కిలోల మనిషి పరుగుపెడితే ఒక్కో అడుగుకూ నూట నలభై కిలోలకు తక్కువ కాదన్నమాట. కింద చాప పరిస్తే చెప్పుల టకటక తగ్గుతుంది గానీ ఆ 'దబ్బు' మాత్రం తగ్గదు.

ఇది పుస్తకంలో చదివితే ఒక తీరు, చెవితో వింటే ఇంకో తీరు. ఓ ఆదివారం ఆ నర్సమ్మాయికి సెలవు దొరికింది. వెళ్లి అడిగాను. "బిడ్డా, డాక్టరు కసరత్తు చేయమన్నడు. నీ నిద్ర చెడకుండ ఏ టైంల చేసుకోవాలె?" అని. ఆమె నవ్వింది. "టైం మార్చుకోకుండ్రి ఆంటీ. తిన్నంక కొంచెం సేపటికి చేస్తేనే షుగర్ ఎక్కువ పెరగది. ఏది వినొస్తదో ఏది వినరాదో ఇయ్యాల చూద్దాం. నేను కింద మంచం మీద పండుకుంట, మీరు పైన చేయుండ్రి."

ఫోన్ స్పీకర్‌లో పెట్టుకుని మొదలుపెట్టాం. ముందు నిలబడ్డచోటే పరుగు. పది అడుగులకే కింది నుంచి, "ఆంటీ, నెత్తి మీద పసుపు దంచుతున్నట్టే ఉంది" అంది. రెండు బొంతలు మడిచి వేసి మళ్లీ చేశాను. "ఇప్పుడు కూడా పసుపే. కాకపోతే పక్కింట్ల దంచుతున్నరు."

తర్వాత చేతులు పైకెత్తుతూ కాళ్లు విడదీసే కసరత్తు ఎగరకుండా చేశాను. ఒక కాలు పక్కకు జరపడం, చేతులు ఎత్తడం, దగ్గరికి తేవడం, మళ్లీ రెండో కాలు. రెండు నిమిషాలు చేసి రొప్పుతుంటే కింది నుంచి, "ఇంక షురూ చేయలేదా ఆంటీ?" అని అడిగింది. అంత సంతోషం నాకు ఈమధ్య ఏ మాటా ఇవ్వలేదు.

మోకాళ్లు నడుము దాకా లేపుతూ ఉన్నచోటే నడక. మడమ ముందు పడితే వినిపిస్తోంది, మునివేళ్లు ముందు ఆనించి మెల్లగా మడమ దించితే వినిపించడం లేదు. మా పెద్ద చెక్కపీట వేసి ఎక్కడం, దిగడం చేశాను. పీట కోళ్లు నేలకు కొట్టుకుని టకటకమన్నాయి. కింద బొంత వేసి, జరగకుండా గోడకు ఆనిస్తే అవి ఊరుకున్నాయి. అయితే నాలుగో నిమిషానికి "ఇప్పుడొస్తుంది ఆంటీ" అంది. ఎందుకా అని చూసుకుంటే, అలసిన కాలు దిగడం మానేసి పడుతోంది. పాదం పడటం వినిపించిందంటే కాసేపు ఆగాలని గుర్తు. ఏ గడియారమూ ఇంత కచ్చితంగా చెప్పదు.

అన్నిటికంటే పెద్ద చప్పుడు ఏదో తెలుసా? పీటకు చోటు చేద్దామని ప్లాస్టిక్ కుర్చీ ఒకటి పక్కకు లాగాను. "వామ్మో, అదేం కసరత్తు ఆంటీ? అది వద్దు!" అంది. ఆ సాయంత్రమే ఇంట్లో కుర్చీల కాళ్లన్నింటికీ పాత గుడ్డలు కట్టాను. మావారు వాటికి చెప్పులు తొడిగానని వేళాకోళం చేశారు.

ఇప్పుడు నా వరస ఇది. టిఫిన్ తిన్న తర్వాత కాసేపాగి, అయిదు నిమిషాలు నెమ్మదిగా నడక, తర్వాత పక్క అడుగులు, మోకాళ్లు లేపడం, పీట ఎక్కి దిగడం, కుర్చీ మీద కూర్చోబోయినట్టే వంగి లేవడం, మార్చి మార్చి ఇరవై నిమిషాలు. మధ్యలో గాలిలో గుద్దులు. ఇది ఎక్కడి నుంచి వచ్చిందని అడగక్కర్లేదు, నిఖత్ జరీన్ మన ఊరి పిల్లే. 2022 మేలో ఇస్తాంబుల్‌లో, 2023 మార్చిలో ఢిల్లీలో ప్రపంచ చాంపియన్ అయ్యింది. ఎదుట మనిషి లేకుండా గుద్దులు సాధన చేయడం బాక్సర్లకు రోజూ ఉండే పని. పాదాలు నేల విడవకుండా, నడుము తిప్పుతూ గుద్దితే రెండు నిమిషాల్లో చెమట పడుతుంది. నా గుద్దుకు గాలి కూడా జరగదనుకోండి, గుండె మాత్రం జరుగుతుంది.

ఎంత వేగంగా చేయాలన్నదానికి డాక్టర్లు చెప్పే కొలత చాలా సులువు. మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. ఇది వినగానే నాకు బతుకమ్మ గుర్తొచ్చింది. పక్కకు అడుగు, వంగడం, చప్పట్లు, లేవడం, మళ్లీ అడుగు. ఎక్కడా ఎగురుడు లేదు. చప్పుడు కాని కసరత్తు మన ఆడవాళ్లకు ఎప్పుడో తెలుసు. కాకపోతే పాడుతూ ఆడతాం కదా, డాక్టరు కొలత ప్రకారం అది చాలదేమో అనుకున్నాను. ఒక రోజు హాల్లో ఒక్కదాన్నే బాగా వంగుతూ, వేగంగా తిరిగాను. రెండో చరణానికే పాట ఆగిపోయింది. ఒకరు పాడితే మిగతావాళ్లు అందుకునే పద్ధతి ఎందుకు పెట్టారో అప్పుడు అర్థమైంది. ఊపిరి తీసుకోవాలి మరి. ఇప్పుడు అపార్ట్‌మెంట్లలో డీజే పెట్టి ఆడే బతుకమ్మ సంగతి నన్నడగకండి.

అరగంట ఒకేసారి దొరకనివాళ్లు దిగులుపడక్కర్లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకు వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు శ్రమ చాలంటుంది. కనీసం పది నిమిషాలు ఏకబిగిన చేస్తేనే లెక్కన్న పాత నిబంధనను 2020లో తీసేసింది. కుక్కర్ మూడో కూతకు ముందు చేసే నాలుగు నిమిషాలూ లెక్కే. మూడు పూటలా భోజనం తర్వాత కొంచెం కొంచెం కదిలితే తిన్న వెంటనే పెరిగే షుగర్ అదుపులో ఉంటుంది కూడా. మోకాళ్లు సహకరించేవాళ్లకు మెట్లున్నాయి. ఎక్కేటప్పుడు మెట్లు, దిగేటప్పుడు లిఫ్టు. మోకాలికి ఎక్కడం కంటే దిగడమే బరువు.

ఒకటి రెండు జాగ్రత్తలు మాత్రం చెప్పాలి. ఇన్సులిన్ తీసుకునేవాళ్లకూ, కొన్ని రకాల మాత్రలు వేసుకునేవాళ్లకూ కసరత్తు మధ్యలో షుగర్ పడిపోవచ్చు. చేతులు వణికినా, కళ్లు తిరిగినా వెంటనే ఆగి చక్కెర నీళ్లు తాగాలి. అరికాళ్లు మొద్దుబారినవాళ్లు ఇంట్లో కూడా వట్టి కాళ్లతో చేయకూడదు. మెత్తటి అడుగున్న బూట్లు వేసుకుంటే పాదానికీ మంచిది, కిందివాళ్లకూ మంచిది. ఛాతీలో పట్టేసినట్టుంటే మాత్రం కసరత్తు అక్కడే ఆపి డాక్టరు దగ్గరికి పోవాలి.

పై కుర్రాడి దగ్గరికి కూడా వెళ్లాను. కొట్లాటకు వచ్చాననుకుని వాళ్లమ్మ ముందే కుర్చీ వేసింది. "ఏం చేయాలె ఆంటీ, ఈవెంట్స్ దగ్గరికొచ్చినయి, 1600 మీటర్లు ఉరకాలె. గ్రౌండ్‌ల మోకాలు దాకా బురద" అన్నాడు తల వంచుకుని. అతన్ని పక్క అడుగులు వేయమంటే ఎలా? నాకు 8.4 ఎంతో అతనికి ఆ పరుగు అంత. వాళ్ల నాయన కౌలుకు వ్యవసాయం చేస్తాడు. ఇద్దరం కలిసి మెట్లు దిగి చూశాం. మా బిల్డింగ్ కింద పార్కింగ్ ఉంది. పైన కప్పు, కింద మట్టి మీద వేసిన గచ్చు, దాని కింద ఎవరూ లేరు. వాచ్‌మన్ కుటుంబం ఎలాగూ అయిదింటికే లేస్తుంది. అప్పటి నుంచి తాడాట అక్కడే. వానలేని రోజు గ్రౌండ్, వానొస్తే పార్కింగ్, పరుగు కుదరకపోతే అయిదంతస్తుల మెట్లు పదిసార్లు. అతను మెట్లెక్కుతుంటే మా తలుపు ముందు ఈల వేసినట్టు గాలి తప్ప ఏమీ వినిపించదు.

ఆరు నెలల తర్వాత నా పరీక్ష 7.3 వచ్చింది. మాత్రలదెంత, పీటదెంత అని డాక్టరుగారిని అడిగితే, "రెండూ ఆపకండి" అన్నారు.

పోయిన నెల నుంచి నర్సమ్మాయికి పగటి డ్యూటీ పడింది. తాళం వేసుకుంటూ, "ఆంటీ, సాయంత్రం దాకా కింద ఎవరూ ఉండరు, ఎంత ఎగురుతరో ఎగరండి" అంది. ఆ మధ్యాహ్నం ఒకసారి ప్రయత్నించాను. రెండు ఎగుర్లకే మోకాలు కలుక్కుమంది. పీట దగ్గరికే వెళ్లాను.